ఎల్లయ్య బావి దగ్గర బజ్జీల నూనె

1979 జూన్‌లో నన్ను వికారాబాద్ పంచాయతీ సమితికి పరిశ్రమల విస్తరణాధికారిగా బదిలీ చేశారు. పేరు ఘనంగా ఉంటుంది కానీ ఆ ఉద్యోగానికి సొంత జీపు ఉండదు, సొంత గుమాస్తా ఉండడు. సమితికి పెద్ద బి.డి.ఓ. గారు. ఆయన కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు, పరిశ్రమలకు నేను. పరిశ్రమలంటే పొగగొట్టాలూ సైరన్లూ కావు. కుమ్మరి సారె, చెప్పుల పని, గొంగళ్ల మగ్గం, సబ్బుల తయారీ. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి, హైదరాబాదులో సబ్బుల తయారీ శిక్షణ పొందినవాణ్ణి. అందుకని ఊళ్లల్లో నా అసలు పేరు పోయి 'సబ్బుల సారు' అన్నది మిగిలింది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత నేనే వాకిట్లో నిలబడి, సబ్బుల సారొచ్చాడని కేకేసి మరీ చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది యాసంగి పంట వేసే నాటికి డీజిల్ కరువు వచ్చిపడింది. రైతు డ్రమ్ము పట్టుకుని బంకుకు పోతే పొయ్యరు. ముందు గ్రామసేవక్ దగ్గర చీటీ రాయించుకోవాలి, దాని మీద తహసీల్దారు ఆఫీసు ముద్ర వేయించుకోవాలి, ఆపైన బంకు ముందు పడిగాపులు కాయాలి. ఇంత చేసినా ట్యాంకరు వస్తేనే డీజిలు. కరెంటు తీగ ఇంకా చేరని బావులకు ఆయిల్ ఇంజనే దిక్కు కాబట్టి, ఆ బావుల కింద వరి వేసినవాళ్లకు కంటి మీద కునుకు లేదు.

అట్లాంటి బావి ఒకటి పూడూరుకు కొంత లోపలగా కురుమ ఎల్లయ్యది. ఎల్లయ్యకు అరవై దాటి ఉంటాయి. పుట్టినప్పటి నుంచి గొర్రెలు కాసిన మనిషి. ఆ ముందు ఏడాదే సగం మంద అమ్మి, బావి పూడిక తీయించి, అయిదు హార్స్‌పవర్ ఇంజను కొన్నాడు. ఆయన భార్య సాయమ్మ గొంగళ్లకు ఉన్ని వడికేది. నేను మగ్గాల పని మీద వాళ్ల ఇంటికి పోతే, ఆమె కదురు పక్కనపెట్టి, "గొంగళ్ల సంగతి తర్వాత సారు, జర మా మడి సూసి పో" అంది.

పోయి చూశాను. వరి పొట్ట మీదుంది. కంకి ఇంకా బయటికి రాకుండా ఆకు ఒరలో దాగి ఉండే దశ అది. ఆ దశలో తడి తప్పితే కంకి వస్తుంది గాని గింజ రాదు, అంతా తాలే. మడి అప్పటికే పగుళ్లిచ్చింది. బావిలో మాత్రం నీళ్లు నిండుగా తళతళలాడుతున్నాయి. ఆ పంట పోతే మిగిలిన సగం మంద కూడా అమ్మక తప్పదని సాయమ్మ చెప్పింది. ఎల్లయ్య గట్టు మీద కూర్చుని దూరంగా మేస్తున్న గొర్రెల్నే చూస్తూ ఉన్నాడు.

అక్కడే నాకొక పాత పాఠం గుర్తొచ్చింది. కాలేజీ పుస్తకంలో రెండు పంక్తుల్లో ముగించిన సంగతి అది. వంటనూనెతో డీజిల్ ఇంజను నడుస్తుంది, కానీ నూనె చిక్కన. ఇంజనులో ఇంధనాన్ని సన్నటి తుంపరగా చిమ్మే ముక్కును నాజిల్ అంటారు. చిక్కటి నూనె దాంట్లో సరిగ్గా చిమ్మదు, మసి కడుతుంది. అదే నూనెను మిథైల్ ఆల్కహాల్‌తోనూ (మేం స్పిరిట్ అనేది దాన్నే) కొద్దిపాటి కాస్టిక్ సోడాతోనూ కలిపితే నూనె విరుగుతుంది. బరువైన గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన పల్చటి ఇంధనం తేలుతుంది. ఇప్పుడు దాన్ని బయోడీజిల్ అంటున్నారు. అప్పుడు మాకు దాని పేరు తెలియదు. మేం బజ్జీల డీజిల్ అనుకునేవాళ్లం.

బి.డి.ఓ. గారికి చెప్పాను. ఆయన మంచివారే గాని ప్రతి పనికీ ముందు ఆడిట్ గుర్తొచ్చేది. కాస్టిక్, సమితి నడిపే సబ్బుల శిక్షణ కేంద్రంలో ఎట్లాగూ ఉంది కాబట్టి వాడుకోమన్నారు. స్పిరిట్‌కు మాత్రం ఇండెంట్ పెట్టమన్నారు, అంటే ఏ సరుకు ఎందుకు కావాలో రాసి ఆయన సంతకం తీసుకోవడం. సంతకం చేస్తూ, దాన్ని ఎవరైనా తాగితే ఏమవుతుందని అడిగారు. కళ్లు పోతాయి, ప్రాణం కూడా పోవచ్చు అన్నాను. ఆయన కలం ఒక్క క్షణం ఆగింది గాని సంతకం పడింది.

నూనె తాండూరులో దొరికింది. స్టేషను ముందు ఖాసిం సాబ్ హోటలు ఉండేది. నాపరాతి గనుల కూలీలు పొద్దున్నే అక్కడ బజ్జీలు తిని పనికి పోయేవాళ్లు. మూకుడులో కాగి కాగి నల్లబడ్డ నూనెను ఆయన బండి ఇరుసులకు పూసుకునేవాళ్లకు ఇచ్చేసేవాడు. నేను డబ్బాలతో పోయి, ఇంజనుకు కావాలి అంటే నన్ను ఎగాదిగా చూశాడు. "అరె సాబ్, మనుషులకే అరుగుత లేదు, మెషీన్‌కు అరుగుతదా?" అన్నాడు. అంటూనే డబ్బాలు నింపించి, ప్యాసింజరు బండి గార్డుకు చెప్పి బ్రేకు పెట్టెలోకి ఎక్కించాడు. బండి వికారాబాదు చేరేసరికి ఆ పెట్టె అంతా మిర్చి బజ్జీల వాసన.

మొదటి తయారీ సబ్బుల కేంద్రంలోనే చేశాం. అక్కడ శిక్షణకు వచ్చే ఆడవాళ్లు చెయ్యి తిరిగినవాళ్లు. నూనె వడగట్టి, చిటపటలు ఆగేదాకా కాచారు. చిటపట అంటే లోపల ఇంకా నీరుందని గుర్తు. ఈ పనికి నీరే అసలు శత్రువు. ఆ తర్వాత కాస్టిక్ కరిగించమన్నాను. సబ్బు పనిలో కాస్టిక్‌ను నీళ్లలోనే కరిగిస్తారు, వాళ్లకు నేర్పిందీ నేనే. స్పిరిట్‌లో కరిగించాలని నేను నోరు తెరిచి చెప్పేలోపు వాళ్లు బిందెలో నీళ్లు పోసి కలిపేశారు. సాయంత్రానికి డ్రమ్ములో ఇంధనం లేదు, మేలు రకం సబ్బు ఉంది. ఇంధనం తీసుకుపోదామని వచ్చిన సాయమ్మ ఆ సబ్బు ముద్దను చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇంజను నడువకపాయె గాని గొంగళ్ల మురికన్న పోతది తియ్యి" అంది. నాకు తప్ప అందరికీ నవ్వొచ్చింది.

రెండోసారి కాస్టిక్‌ను స్పిరిట్‌లోనే కరిగించి నూనెలో కలిపాం. తెల్లారి చూస్తే అడుగున బెల్లం పాకంలాంటి ముదురు పొర, పైన తేనె రంగు ఇంధనం. పై దాన్ని వంచి, నీళ్లతో కడిగి, మళ్లీ కాచి ఆరబెట్టి, పూడూరు తీసుకుపోయాను.

ఇంజను తిప్పే ముందు ఎల్లయ్య నన్ను ఆగమన్నాడు. బావి ఒడ్డున పసుపు పూసిన రాయి ఉంది, అది మైసమ్మ. బావి దగ్గర ఏ కొత్త పని మొదలుపెట్టినా ఆమెకు సాక పొయ్యాలి. సాక అంటే కల్లో సారానో ఆ తల్లి ముందు ధారగా పోసి మొక్కడం. ఎల్లయ్య ముంతలో కల్లు పోసి, మొక్కి, అడుగున మిగిలిన బొట్టు అరచేతిలో వంచుకుని నోట్లో వేసుకున్నాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. తర్వాత హ్యాండిలు తిప్పితే ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. పొగ కూడా తక్కువే. నీళ్లు కాలువలో పడి మడి వైపు పరిగెత్తుతుంటే సాయమ్మ కాలువ వెంబడే నడిచిపోయింది. నాకు ఎంత సంతోషమైందో ఇప్పటికీ చెప్పలేను. ఉద్యోగంలో అట్లాంటి పూటలు చాలా తక్కువ.

ఇక్కడిదాకా వచ్చాక ఎవరికైనా పుట్టే ఆలోచనే నాకూ పుట్టింది. ప్రతిసారీ నేను తయారుచేసి మోసుకొస్తే వాళ్లకు దక్కేదేమిటి? బంకు మీద ఆధారపడ్డట్టే నా మీద ఆధారపడతారు. వాళ్ల ఇంధనం వాళ్లే చేసుకోవాలి. విస్తరణాధికారి పనే అది, నేర్పి తప్పుకోవడం. అందుకని మూడో తయారీ బావి దగ్గరే పెట్టాను.

జాగ్రత్తల్లో లోటు చెయ్యలేదు. స్పిరిట్‌ను గడ్డి చుట్టిన గాజు జాడీలో, సమితి జీపులో తెచ్చాను. జాడీ మీద ఎర్ర రంగుతో పుర్రె, ఎముకలు వేయించాను. ఇంజను కొట్టంలో తాళం వేసే పెట్టెలో పెట్టి తాళంచెవి సాయమ్మ చేతికిచ్చాను. ఇది సారా వాసనే వస్తుంది గాని సారా కాదు, తాగితే కళ్లు పోతాయి అని ఇద్దరికీ చెప్పి, ఇద్దరితోనూ తిరిగి చెప్పించాను. ఎల్లయ్య నన్ను ఓదార్చినట్టుగా, "ఫికర్ చెయ్యకు సారు, నేను పసిపోరణ్ని కాదు" అన్నాడు.

ఆ పొద్దున నూనె కాచి, పొయ్యి పూర్తిగా ఆర్పించాను. స్పిరిట్ ఆవిరికి నిప్పు సోకితే కొట్టం మొత్తం అంటుకుంటుంది. నూనె గోరువెచ్చగా చల్లారాక స్పిరిట్ కొలిచి గిన్నెలో పోశాను. జాడీకి మూత బిగించి, కాస్టిక్ తూయడానికి త్రాసు వైపు తిరిగాను. అంతలో సాయమ్మ అరుపు వినిపించింది.

తిరిగి చూస్తే ఎల్లయ్య మైసమ్మ ముందు కూర్చుని ఉన్నాడు. రాయి ముందు నేల తడిసి ఉంది, కల్లు వాసన లేదు, స్పిరిట్ వాసన ఉంది. స్పిరిట్ గిన్నెలో ముంచిన చెంబు రాళ్ల మీద దొర్లుతోంది. సాయమ్మ ఆయన మణికట్టు పట్టుకుని, "నీకు మతి గిట్ల పోయిందా? సారు ఏం చెప్పిండు? నువ్వేం చేసినవు?" అని ఊపేస్తోంది. ఆయన పెదాలు తడిగా ఉన్నాయి.

తాగావా అని అడిగాను. తాగలేదన్నాడు. మరి? నాలుకకు పెట్టుకున్నా అన్నాడు. ఎంత అంటే అరచెయ్యి చూపించాడు. ఆయన అరచెయ్యి చిన్నదేం కాదు.

కోపం ఆగలేదు. పుర్రె బొమ్మ చూపించి, ఇది కనిపించలేదా అని గట్టిగా అరిచాను. ఎల్లయ్య నా మీద కోపం తెచ్చుకోకుండా, మామూలు గొంతుతోనే చెప్పాడు. "కనబడ్డది సారు. ఇయ్యాల గౌడాయన రాలే, కల్లు లేదు. అమ్మను ఎండబెట్టి ఇంజను ఎట్ల తిప్పాలె? చేతిలున్నది పోసిన. అమ్మకు పోసినంక నేను ముట్టకుంటె, ఎరుకుండి అమ్మకు విషం పోసినట్టు గాదా?"

సాయమ్మా నేనూ ఆయన్ను లేపి జీపు దగ్గరికి నడిపించాం.

జీపులో వికారాబాదు సర్కారు దవాఖానకు తెచ్చాం. దారిపొడుగునా సాయమ్మ ఆయన కళ్ల ముందు వేళ్లు ఆడిస్తూనే ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏం తాగాడో, ఎంత తాగాడో నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. మిథైల్ ఆల్కహాల్ అని పేరు చెప్పగలిగాను కాబట్టి ఆమెకు సగం పని తప్పింది. ఈ విషం వెంటనే బయటపడదట. కడుపులోకి పోయిన స్పిరిట్‌ను శరీరమే మెల్లగా విషంగా మారుస్తుందట, చూపు మీద దెబ్బ తెల్లారేదాకా కూడా తెలియకపోవచ్చట. దానికి విరుగుడు మామూలు మద్యమే. శరీరం దాన్ని అరిగించుకునే పనిలో ఉంటే, ఈ స్పిరిట్ విషంగా మారకముందే బయటికి పోతుంది. ఆమె నన్ను బ్రాందీ తెమ్మంది.

నేను సీసాతో తిరిగొచ్చేసరికి సాయమ్మకు విషయం అర్థమైంది. డాక్టరమ్మతో కయ్యానికి దిగింది. "ఏందమ్మా ఇది? గలీజుది తాగిండని తెస్తే మల్ల తాగవెడ్తరా?" అంది. ఎల్లయ్య మంచం మీద నుంచి, "డాక్టరమ్మ చెప్పింది ఇననియ్యవే" అన్నాడు. ఆ స్థితిలో కూడా ఆ మనిషి గొంతులో ఒకింత ఉత్సాహం వినబడిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ పూటా ఆ రాత్రీ అట్లాగే గడిచాయి. నేను వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. మడి ఎండుతున్న సంగతి, ఇండెంట్ సంగతి, ఏదీ బుర్రలోకి రాలేదు. గొర్రెలు కాసేవాడికి కళ్లు పోతే ఇక మిగిలేదేమిటన్న ఆలోచన ఒక్కటే తిరిగింది. మందలో ఒక్క గొర్రె కుంటితే ఊరవతల నుంచి పోల్చుకునే మనిషి ఆయన.

తెల్లారాక డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. కనుపాపలు బాగానే ముడుచుకుంటున్నాయంది. గోడకున్న అక్షరాల అట్ట చదవమంటే ఎల్లయ్యకు చదువు రాదు. ఆమె ఏం చెయ్యాలా అని చూస్తుంటే సాయమ్మ లేచి కిటికీ రెక్క తెరిచింది. దవాఖాన వెనక బీడు, దాని మీద ఎవరివో మేకలు మేస్తున్నాయి. ఆయన గడ్డం పట్టి అటు తిప్పి, "గా మేకలల్ల ఈనెటిది ఏదో చెప్పు" అంది.

ఎల్లయ్య కాసేపు చూశాడు. "నల్లది. చెవు కత్తిరిచ్చింది. గా దాని ఎనుక నడుస్తున్న ఎర్రదానికి కాలుల ముల్లున్నది, కాపరి సూసుకుంట లేడు" అన్నాడు.

నేనూ కిటికీ దగ్గరికి పోయి చూశాను. నాకు అన్నీ మేకల్లాగే కనిపించాయి. డాక్టరమ్మ కళ్లద్దాలు సవరించుకుని, ఆ ఎర్ర మేక కొద్దిగా కుంటుతోందని చెప్పింది. సాయమ్మ మంచం పక్కనే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను వసారాలోకి వచ్చేశాను, నా కళ్లల్లో కూడా నీళ్లు ఆగేట్టు లేవు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ సాయమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నీ మందు మంచిదే సారు, కాదంట లేను. ఇంజను మంచిగ నడిచింది. గాని అది మా బాయికాడ వద్దు. మడి ఎండితె మల్ల యాడాదికి ఏసుకుంట. ఈయన కండ్లు పోతె యాడికెల్లి తెస్త?" అంది. బి.డి.ఓ. గారు స్పిరిట్ ఇండెంట్ రద్దు చేశారు. పట్టుబట్టి ఉంటే కేంద్రంలో చేసుకోవడానికి ఒప్పించగలిగేవాణ్ణేమో. పట్టుబట్టలేదు. జాడీలో మిగిలిన స్పిరిట్‌ను అది అమ్మిన హైదరాబాదు వర్తకుడికి తిప్పి పంపాను.

పంటను మాత్రం వదలలేదు. స్పిరిట్ లేకుండా నూనెను పల్చబరిచే దారి ఇంకొకటి ఉంది, అది వేడి. ఇంజను పొగగొట్టానికి ఆనించి చిన్న డబ్బా ఒకటి బిగించి, వడగట్టిన నూనెను అందులో నుంచి రాగి గొట్టం ద్వారా పంపాను. ఉన్న కాస్త డీజిల్‌తో ఇంజను మొదలుపెట్టడం, అది కాగాక నూనెకు తిప్పడం, ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు తిప్పడం. లేకపోతే నూనె నాజిల్‌లోనే గడ్డకడుతుంది. నల్లగా పొగ వచ్చేది. నాజిల్ మాటిమాటికీ విప్పి తుడవాల్సి వచ్చేది. ఆ పని ఎల్లయ్య చేతికి త్వరగానే పట్టుబడింది. ఖాసిం సాబ్ నూనె పంపుతూనే ఉన్నాడు. మడి చుట్టుపక్కల బజ్జీల వాసన ఎంతగా కమ్ముకుందంటే, దారిన పోయేవాళ్లు ఎవరింట్లో పెళ్లి అని అడిగేవాళ్లట.

బావికి దగ్గరి మడులు గింజ పట్టాయి. కింది మడులు, మేం దవాఖానలో ఉన్నప్పుడూ, ఆ డబ్బా బిగించేలోపూ ఎండినవి, తాలుపోయాయి. మిగిలిన మంద అమ్మే పని మాత్రం పడలేదు.

తర్వాత జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి, స్పిరిట్ పద్ధతిని ప్రదర్శనలో పెడదామన్నాడు. ఇంజను నడిచిందా లేదా అని అడిగాడు. నడిచిందన్నాను. మరి అభ్యంతరమేమిటన్నాడు. బావి దగ్గరికి వచ్చి చూడమన్నాను, ఆయనకు తీరిక కాలేదు.

ఆ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇది. ఒక వస్తువు ప్రమాదకరమని మనుషులకు చెప్పి ఒప్పించవచ్చు. ఎల్లయ్యకు ఆ సంగతి తెలుసు, నమ్మాడు కూడా. కానీ ఆ ఇంట్లో నా మాట కంటే ముందు నుంచీ ఉన్న మర్యాదలు కొన్ని ఉంటాయి, నా జాడీ వాటి మధ్యలోకే పోతుంది. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ ఊరికి ఏ ద్రావకం తీసుకుపోయినా, అక్కడి మైసమ్మ ఎక్కడుందో, ఆమెకు ఏం పోస్తారో, పోసినవాళ్లు ఏం ముడతారో అడిగి తెలుసుకున్నాకే మూత తీసేవాణ్ణి.